మౌనం, వేదన, సంస్కారం: పదిరోజుల ధ్యాన శిబిరం మీద ఉయ్యూరు నుంచి కొన్ని ప్రశ్నలు

ఉయ్యూరు వాడల్లో ఏప్రిల్ 14న త్రిశరణం, పంచశీల చెప్పుకోవడం కొత్త సంగతేమీ కాదు. అంబేద్కర్ విగ్రహానికి దండ వేస్తాం, పంచశీల చెప్తాం, ఉపన్యాసాలు వింటాం, ఇళ్ళకి వెళ్తాం. బౌద్ధం మనకి ఇంతవరకూ ఒక ప్రకటన. హిందూమతం మాది కాదు అని చెప్పే ప్రకటన. మరి దాన్ని మిగతా రోజుల్లో ఎలా ఆచరించాలి అని పిల్లలు అడిగితే మన దగ్గర గట్టి జవాబు లేదు. ఆ ఖాళీలోకి ఇప్పుడు పదిరోజుల విపశ్యన శిబిరం వచ్చి కూర్చుంది. మన ఉద్యోగులు, రిటైరైన టీచర్లు, చదువుకుంటున్న కుర్రాళ్ళు వెళ్ళి వస్తున్నారు.

వెళ్ళొచ్చిన వాళ్ళు 'బుద్ధుడు నిజంగా చెప్పింది ఇదే, మనం ఇన్నాళ్ళూ జెండాలే మోశాం' అంటున్నారు. వెళ్ళని వాళ్ళు 'కళ్ళు మూసుకుని కూర్చుంటే కూలి పెరిగిద్దా?' అని నవ్వుతున్నారు. ఈ రెండు మాటలూ మాకు చాలవనిపించాయి. మొదటి మాటలో అంబేద్కర్ లేడు. రెండో మాటలో బుద్ధుడు లేడు. అందుకే మేం ఏడుగురం, ముగ్గురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు, ఒక శిబిరానికి వెళ్ళి పదిరోజులూ కూర్చుని వచ్చాం. వచ్చాక ప్రతి ఆదివారం కలిసి మాట్లాడుకున్నాం. ఈ వ్యాసం ఆ మాటల్లోంచి వచ్చింది. మేం వెళ్ళిన కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. మా విమర్శ ఒక కేంద్రం మీద కాదు, అన్ని కేంద్రాల్లోనూ ఒకే పద్ధతిలో నడిచే బోధన మీద.

ఆ బోధన సత్యనారాయణ గోయెంకాది. ఆయన 1924లో బర్మాలోని మాండలేలో ఒక మార్వాడీ వ్యాపార కుటుంబంలో పుట్టాడు. బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన సయాజీ ఊ బా ఖిన్ దగ్గర ధ్యానం నేర్చుకుని 1969లో ఇండియా వచ్చాడు. 1976లో మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి మొదలైంది. మన వైపు హైదరాబాదులో, నాగార్జునసాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రాలున్నాయి. గోయెంకా 2013లో చనిపోయాడు గానీ, శిబిరాన్ని ఇప్పటికీ నడిపేది రికార్డు చేసిన ఆయన బోధనే.

తెల్లారుజామున నాలుగింటికి గంట కొడతారు. రాత్రి తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేస్తారు. మధ్యలో పది గంటలకి పైగా ధ్యానం. ఫోను, పుస్తకం, కలం ఏవీ వుండకూడదు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు ఏర్పాట్లు. ఫీజు లేదు, శిబిరం పూర్తయినాక ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. దరఖాస్తులో కులం అడగలేదు. అందరూ ఒకే అన్నం తిన్నారు. పుట్టుకతో వచ్చే కులభేదాన్ని గోయెంకా ఖండించిన మాట కూడా నిజం. ఇవన్నీ ముందే ఒప్పుకుని విమర్శలోకి దిగుతున్నాం. శిబిరంలో మాటిమాటికీ ఎదురైన మూడు మాటల్ని పట్టుకుని చూద్దాం.

మౌనం

శిబిరంలో పాటించే మౌనాన్ని 'ఆర్య మౌనం' అంటారు. మాటే కాదు, సైగ కూడా చేయకూడదు. 'ఆర్య' అనే మాట వినగానే మాలో ఒకరిద్దరు ఉలిక్కిపడ్డారు. అది సహజమే. అయితే పుట్టుకని బట్టి వాడుతున్న ఆ మాటని నడవడికకి మార్చినవాడే బుద్ధుడు. అక్కడ పేచీ లేదు.

పేచీ వేరే చోట వుంది. మౌనం అందరికీ ఒకటేనా? రోజంతా మాట్లాడి, ఆజ్ఞలిచ్చి, తీర్పులు చెప్పి అలిసిపోయినవాడికి మౌనం విశ్రాంతి. తరతరాలుగా నోరెత్తితే దెబ్బ తిన్నవాడికి మౌనం అలవాటైన శిక్ష. మన చరిత్రలో మన విజయాలన్నీ మౌనం బద్దలు కొట్టిన రోజులే. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అని మన పేరు మనం చెప్పుకున్నాం. హైదరాబాదులో బుద్ధ జయంతి జరిపినవాడు కూడా ఆ భాగ్యరెడ్డి వర్మే. అంటే మనకి బుద్ధుడు వచ్చింది మౌనం దారిలో కాదు, మాట దారిలో. 1985 జూలై 17న కారంచేడు జరిగినాక దళిత మహాసభ పుట్టింది కూడా మాట కోసమే.

అయినా ఒక నిజం చెప్పాలి. మొదటి రెండు రోజులు గడిచాక ఆ మౌనం మాకు హాయిగా అనిపించింది. మాకు మేంగా ఒప్పుకుని మాట ఆపడం అదే మొదటిసారి. ఎవరూ 'నోర్ముయ్' అనలేదు. ఎవరికీ 'అయ్యా, దొరా' అనాల్సిన పని పడలేదు. ఆ హాయిని తీసిపారేయడం మా వుద్దేశం కాదు.

కానీ మూడో రోజు పొద్దున ఒకటి గమనించాం. మరుగుదొడ్లు కడగడానికి పక్క పల్లె నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. మనవాళ్ళే. చీపురు పట్టుకునే తీరులోనే తెలిసిపోయింది. వాళ్ళూ మాట్లాడటంలేదు, మేమూ మాట్లాడటంలేదు. మా మౌనం సాధన. వాళ్ళ మౌనం కూలి షరతు. ఒకే ఆవరణలో రెండు మౌనాలు. ఒకదానికే 'ఆర్య' అనే పేరుంది. ఆ అక్కలకి కనీసం 'బాగున్నారా' అనలేకపోయినందుకు మాకు ఇప్పటికీ సిగ్గుగానే వుంది. నియమం పాటించాం గదా అని సరిపెట్టుకోలేకపోయాం.

వేదన

మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరి రాకపోకల్ని గమనించడమే పని. దీన్ని ఆనాపాన అంటారు. నాలుగో రోజు విపశ్యన నేర్పుతారు. తల నుంచి కాళ్ళ దాకా, కాళ్ళ నుంచి తల దాకా ఒంట్లో కలిగే ప్రతి స్పర్శనీ, ప్రతి నొప్పినీ గమనించాలి. ఇష్టమైతే అంటుకుపోకూడదు, కష్టమైతే విసుక్కోకూడదు. ఆ తర్వాత 'అధిట్ఠానం' వస్తుంది. రోజుకి మూడుసార్లు గంటసేపు కళ్ళు తెరవకుండా, చేతులు విప్పకుండా, కాళ్ళు కదపకుండా కూర్చోవాలి.

ఒంట్లో కలిగే అనుభూతికి పాళీలో వాడే మాట 'వేదన'. పాళీలో వేదన మూడు రకాలు. సుఖం, దుఃఖం, రెండూ కానిది. మన తెలుగులో వేదన అంటే బాధ ఒక్కటే. ఆ మాట మన దగ్గరకి వచ్చేటప్పటికి సుఖం దారిలో ఎక్కడో జారిపోయింది. మాకయితే తెలుగు అర్థమే సరిగ్గా సరిపోయింది.

మాతో వచ్చిన ఒక అక్క నలభై ఏళ్ళు ఊడ్పులకి వెళ్ళిన మనిషి. పుల్లేరు కాలవ కింద పొలాల్లో మోకాలి లోతు బురదలో నడుం వంచి మునాలు నడిపింది. సీజన్లో మిల్లు కోసం చెరుకు నరికింది. చెరుకాకు కోసిన గీతలు ఆవిడ ముంజేతుల మీద ఇప్పటికీ వున్నాయి. గంటసేపు కదలకుండా కూర్చోవడం మా ఉద్యోగస్తులకి నరకమైంది, ఆవిడకి కాలేదు. తర్వాత మేం అడిగితే ఇలా అంది: 'నొప్పి వొచ్చిద్ది, కాసేపుండి పోయిద్ది అని ఆయన పదిరోజులు చెప్పాడు తమ్ముడూ. ఆ ముక్క నా మోకాళ్ళకి ఎప్పుడో తెలుసు. నొప్పి పోయిద్ది. మళ్ళీ తెల్లారి మునంలో దిగితే మళ్ళీ వొచ్చిద్ది. అది కూడా చెప్పాలి గదా?'

ఆ అక్క మాటలో ఒక విమర్శ మొత్తం వుంది. అనిత్యం అనేది నిజమే. కానీ కొన్ని నొప్పులు అనిత్యమైనా రోజూ తిరిగొస్తాయి. ఎందుకంటే వాటిని రోజూ తయారుచేసే ఏర్పాటు ఒకటి బయట వుంది. కదలకుండా కూర్చుంటే వచ్చే నొప్పిని గమనించడం నేర్చుకున్నవాడు, వంగి పనిచేస్తే వచ్చే నొప్పిని అదే పద్ధతిలో గమనించి ఊరుకోవాలా? మొదటిది మనం ఎంచుకున్న నొప్పి. రెండోది మన నెత్తిన పడ్డ నొప్పి. శిబిరం ఈ తేడా చెప్పలేదు.

సంస్కారం

నొప్పి ఎందుకొస్తుంది అన్న ప్రశ్నకి గోయెంకా బోధనలో జవాబు లేకపోలేదు. తిన్న ఆహారం వల్ల, వాతావరణం వల్ల, ఇప్పటి మనసు స్పందన వల్ల, పాత సంస్కారాల వల్ల అని చెప్తారు. అయితే రోజులు గడిచేకొద్దీ మిగతా మూడూ వెనక్కి పోయి నాలుగోదే మిగులుతుంది. లోపల పోగుపడిన పాత సంస్కారాలు ఒంటి మీద వేదనగా పైకి తేలుతున్నాయి, స్పందించకుండా చూస్తే అవి కరిగిపోతాయి అన్నదే శిబిరం అసలు సూత్రం.

'సంఖార' అనే పాళీ మాటకి 'సంస్కారం' అని వాడతారు. ఈ మాట తెలుగులో మనకి ఎట్లా పరిచయం? 'వీళ్ళకి సంస్కారం లేదు' అనే తిట్టుగా పరిచయం. బళ్ళో విన్నాం, బస్సులో విన్నాం, ఆఫీసులో విన్నాం. బతుకంతా సంస్కారం లేదనిపించుకున్నవాళ్ళం శిబిరానికి వెళ్తే, మీలో సంస్కారాలు మరీ ఎక్కువైపోయాయి, అవే మీ బాధకి మూలం అన్నారు. నవ్వుకోవడానికి బాగానే వుంటుంది. కానీ సంగతి నవ్వులాట కాదు. 'నీ బాధకి నీ పాత కర్మే కారణం' అనే మాటని మనకి ఇదివరకు చెప్పినవాడు మనువు. ఆ మాట కాషాయంలో వస్తే వాసన పట్టగలం. ధమ్మం పేరుతో వస్తే పట్టలేకపోతున్నాం.

గోయెంకా చెప్పింది మనువు చెప్పింది ఒకటే అని మేం అనడంలేదు. ఆయన కులాన్ని సమర్థించలేదు. కర్మని వర్ణానికి ముడిపెట్టలేదు. కానీ బాధకి కారణాన్ని బాధపడేవాడి లోపలే వెతకమని చెప్పే ఏ సిద్ధాంతమైనా మన వాడలోకి వచ్చేసరికి ఒకే పని చేస్తుంది. కొట్టినవాడిని కంటికి కనపడకుండా చేస్తుంది.

బుద్ధుడు ఏం చెప్పాడు మరి? సంయుత్త నికాయంలో సీవక సుత్తం వుంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనే అంటున్నారు, మీరేమంటారు అని సీవకుడనే పరివ్రాజకుడు అడుగుతాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్తాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలవడం, ఋతువు మారడం, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, దెబ్బ, చివరికి కర్మఫలం. అన్నిటినీ కర్మ కిందకి తోసేసేవాళ్ళు కళ్ళముందు కనపడే దాన్ని దాటిపోతున్నారు, లోకం నిజమని ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారు, వాళ్ళు చెప్పేది తప్పు అని తేల్చేస్తాడు. ఏడో కారణానికి పాళీలో 'ఓపక్కమిక' అని పేరు. బయటినుంచి జరిగే దాడి వల్ల కలిగే వేదన అని అర్థం.

ఈ ఏడో కారణం దగ్గర మనం ఆగాలి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసి అందరినీ విడుదల చేసింది. ఆ కుటుంబాల వేదన ఏ లెక్కలోకి వస్తుంది? పిత్తమా, వాతమా, పాత సంస్కారమా? బుద్ధుడి జాబితాలో దానికి జాగా వుంది. శిబిరం చెప్పే జాబితాలో లేదు. అంటే మేం అడుగుతున్నది బౌద్ధంలోకి బయటినుంచి తెచ్చిపెడుతున్నది కాదు. బౌద్ధం లోపల వుండి, శిబిరంలో జారిపోయినదాన్ని వెనక్కి అడుగుతున్నాం.

అంబేద్కర్ కూడా ఇక్కడే నిలబడ్డాడు. 1957లో, ఆయన చనిపోయాక వచ్చిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో సమాధికీ సమ్మా సమాధికీ తేడా చూపించాడు. ఉత్త సమాధి మనసులోని అడ్డంకుల్ని కాసేపు ఆపి వుంచుతుంది, అంతే. అది తాత్కాలికం. మనసుని కుశల కర్మ మీద నిలబెట్టి, ఎప్పుడూ మంచినే తలచే అలవాటు చేసేది సమ్మా సమాధి. అంబేద్కర్ ధ్యానాన్ని కొట్టిపారేశాడు అనేవాళ్ళు ఈ భాగం మళ్ళీ చదవాలి. ఆయన ధ్యానాన్ని కొట్టేయలేదు, దానికి పని అప్పజెప్పాడు.

అదే గ్రంథంలో సిద్ధార్థుడు ఇల్లు వదిలిన కథనీ ఆయన మార్చి రాశాడు. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి అంతవరకూ ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూడలేదంటే నమ్మేదెలా అని అడిగాడు. శాక్యులకీ కోలియులకీ రోహిణీ నది నీళ్ళ దగ్గర తగాదా వచ్చింది. యుద్ధం వద్దన్న సిద్ధార్థుడి మాట సంఘంలో ఓడిపోయింది. అందుకే ఇల్లు వదిలాడు అన్నాడు. ఢిల్లీలో కూర్చుని చదివేవాళ్ళకి ఇది సిద్ధాంత చర్చ. కృష్ణా డెల్టాలో కాలవ శివారున బతికేవాళ్ళకి ఇది రోజువారీ సంగతి. పైన నీళ్ళు ఎవరు ఆపారు, కింద ఎవరి మడి ఎండింది, రాత్రిపూట గట్టు మీద ఎవరి తల పగిలింది అన్నది మనకి తెలుసు. దుఃఖం మొదటి పాఠం ముసలితనం దగ్గర కాదు, నీళ్ళ వంతు దగ్గర మొదలవుతుందని చెప్పిన బుద్ధుడు మనకి దగ్గరవాడు.

రంగం నుంచి తిరిగొచ్చిన ధమ్మం

'ఇది 2,500 ఏళ్ళ నాటి విద్య, దీనికి రాజకీయాలతో పనిలేదు' అని శిబిరం గురించి చెప్పేవాళ్ళు అంటారు. ఈ మాటని కూడా పరీక్షించాలి.

బుద్ధుడు మనకి పరాయివాడు కాదు. ఘంటసాల, గుడివాడ, భట్టిప్రోలు, అమరావతి మన చుట్టూ వున్నవే. కానీ మన నేల మీద ఆ పరంపర తెగిపోయింది. ఎంతగా తెగిపోయిందంటే గుడివాడలో, భట్టిప్రోలులో స్తూపాల దిబ్బలకి జనం నోట 'లంజదిబ్బ' అనే పేరు మిగిలింది. భట్టిప్రోలు స్తూపం రాళ్ళు బ్రిటిష్ కాలంలో కాలవ కట్టడాలకి పోయాయి. ఇక్కడ తెగిన దారం బర్మాలో మిగిలింది.

బర్మాలో కూడా మామూలు గృహస్థులు గుంపులుగా కూర్చుని విపశ్యన చేయడం అనాదిగా వున్నది కాదు. 1885లో బ్రిటిష్‌వాళ్ళు మాండలే రాజుని దించేశాక, రాజు లేకపోతే ధమ్మాన్ని ఎవరు కాపాడాలి అన్న ప్రశ్న వచ్చింది. జనమే కాపాడుకోవాలి అని లేడీ సయాడో అనే భిక్షువు (1846-1923) గృహస్థులకి అభిధమ్మం, ధ్యానం నేర్పాడు. ఆయన శిష్యుడు సయా తెట్జీ ఒక రైతు. ఆయన శిష్యుడు ఊ బా ఖిన్. ఆయన శిష్యుడు గోయెంకా. అంటే ఈ పద్ధతి పరాయి పాలన కింద ఒక జాతి తనని తాను నిలబెట్టుకోవడానికి జనానికి పంచిన విద్య. పుట్టుకలోనే దానికి రాజకీయం వుంది. రాజకీయంలో పుట్టినదానికి రాజకీయాలు గిట్టవు అనడం చరిత్ర తెలియక అన్న మాట.

ఇంకో సంగతి. బర్మా మనవాళ్ళకీ తెలుసు. కోస్తా తెలుగువాళ్ళు దాన్ని 'రంగం' అన్నారు. వేలమంది కూలీలు రంగం వెళ్ళి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మే నెలలో రంగూన్ రేవు అల్లర్లలో దెబ్బలు తిన్నవాళ్ళు తెలుగు కూలీలే. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు కాలినడకన తిరిగొస్తూ దారిలో చచ్చిపోయిన వాళ్ళలోనూ మనవాళ్ళున్నారు. వ్యాపారి కొడుకు బర్మా నుంచి ధ్యానం తెచ్చాడు. అది మంచిదే, కృతజ్ఞత చెప్పాలి. మూటలు మోసినవాళ్ళు తెచ్చుకున్నది వెన్నునొప్పి. ఆ వెన్నునొప్పికి కూడా కారణం చెప్పగలిగినప్పుడే ఆ ధ్యానం మనది అవుతుంది.

పదో రోజు

పదో రోజు పొద్దున మైత్రీ భావన నేర్పుతారు. సకల ప్రాణులూ సుఖంగా వుండాలని కోరుకోవాలి. ఆ తర్వాత మౌనం తీసేస్తారు. తొమ్మిది రోజులు పక్కపక్కనే కూర్చున్నాం, ఒకే వరసలో కంచాలు కడుక్కున్నాం. మౌనం తీసేసిన పావుగంటకి ఒక పెద్దమనిషి నవ్వుతూ మా దగ్గరికి వచ్చాడు. 'ఎక్కడినుంచి?' అన్నాడు. ఉయ్యూరు అన్నాం. 'ఉయ్యూరులో ఎక్కడ?' అన్నాడు. చెప్పాం. 'ఇంటిపేరు?' అన్నాడు. అదీ చెప్పాం. ఆయన నవ్వు పోలేదు. మాట మాత్రం అక్కడితో ఆగిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు.

తొమ్మిది రోజులు కులం కనపడకపోవడానికి కారణం అది కరిగిపోవడం కాదు, అడగడానికి వీల్లేకపోవడం. ఆ పెద్దమనిషి చెడ్డవాడని మేం అనుకోవడంలేదు. నిజాయితీగానే కూర్చున్నాడు, నిజాయితీగానే మైత్రి చెప్పాడు. తన మోకాలి నొప్పి అనిత్యమని తెలుసుకున్నాడు. తన కులం కూడా అనిత్యమని ఎవరూ ఆయనకి చెప్పలేదు. తల నుంచి కాళ్ళ దాకా గమనించమన్నారు గానీ, మా ఇంటిపేరు విన్నప్పుడు తన ఒంట్లో ఏం జరిగిందో గమనించమనలేదు. విపశ్యనకి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది?

అందుకని మా తీర్మానం ఇది. శిబిరాలకి వెళ్ళొద్దని మేం చెప్పం. కోపం వచ్చినప్పుడు ఊపిరి పట్టుకోగలగడం మనకి కావలసిన విద్యే. పోలీస్ స్టేషన్లో, ఆఫీసర్ గదిలో, ఊరి పంచాయతీలో వణుకు రాకుండా మాట్లాడాలంటే అది అక్కరకొస్తుంది. మాలో ఒక తమ్ముడు తాగుడు తగ్గించుకున్నాడు. దాన్ని చిన్నది అనే హక్కు మాకు లేదు. కానీ విద్య తెచ్చుకుందాం, వివరణ మాత్రం మనదే పెట్టుకుందాం. వేదన కలిగినప్పుడు మొదటి ప్రశ్న 'ఏం జరుగుతోంది?' అది శిబిరం నేర్పింది. రెండో ప్రశ్న 'ఎవరు చేస్తున్నారు?' అది బుద్ధుడు జాబితాలో పెట్టాడు, అంబేద్కర్ గుర్తు చేశాడు, శిబిరం వదిలేసింది.

ఇప్పుడు ఉయ్యూరులో మేం ఆదివారాలు కూర్చుంటున్నాం. అరగంట ఊపిరి. ఆ తర్వాత గంట మాట. వారంలో ఎవరికి ఏ దెబ్బ తగిలిందో, కూలి ఎక్కడ ఎగ్గొట్టారో, బళ్ళో పిల్లల్ని ఏమన్నారో చెప్పుకుంటాం. ఏం చేయాలో అనుకుంటాం. ఎవరు వెళ్ళాలో రాసుకుంటాం. ఊడ్పుల అక్క అరగంట కదలకుండా కూర్చుంటుంది. మాట మొదలయ్యేటప్పుడు కాళ్ళు చాపుకుని ముందు తనే అందుకుంటుంది.